లినక్స్ కంప్యూటరు గడియారం తనంతట తానే సరిదిద్దుకునేలా అమర్చుకోవడం ఎలా?

చేతి గడియారం రెండు నిమిషాలు వెనుకబడితే మనకు పెద్దగా నష్టం లేదు. కంప్యూటరు గడియారం సంగతి అలా కాదు. అది రాసే ప్రతి ఫైలుపైన, పంపే ప్రతి ఉత్తరంపైన, నమోదు చేసే ప్రతి బిల్లుపైన తేదీ, సమయం పడతాయి. తరువాత ఎవరైనా ఆధారం అడిగితే చూపవలసినది ఆ ముద్రనే. లినక్స్ వ్యవస్థలో గడియారాన్ని మనిషి చేయి తగలకుండా ఎప్పటికప్పుడు సరిచూసుకునేలా అమర్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒక సూచన. ఆజ్ఞల పేర్లను, సర్వర్ల చిరునామాలను ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. వ్యవస్థ అమరికలను మార్చే ఆజ్ఞలకు ముందు "సుడో" అనే మాట చేర్చాలి.

మన ఊళ్ళ వేళ, దేశపు వేళ

భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. దీనికి ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. ప్రపంచ ప్రామాణిక కాలం, అనగా యూటీసీ కంటే ఇది 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. యానాం ఈ రేఖకు చాలా దగ్గరగా ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, యానాంతో పోలిస్తే రాయగడలో సూర్యుడు సుమారు 5 నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. చంద్రపూర్‌లో సుమారు 12 నిమిషాలు, హోసూరులో 17 నిమిషాలకు పైగా, బళ్ళారిలో సుమారు 21 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అయినా ఈ ఊళ్ళన్నిటి గడియారాలు ఒకే వేళ చూపుతాయి. ఆకాశాన్ని చూసి కాక, ఒక ఉమ్మడి ప్రమాణాన్ని అడిగి వేళ తెలుసుకోవడానికి మనం అలవాటుపడ్డాం. కంప్యూటరు చేయవలసినదీ అదే.

కంప్యూటరులో ఉన్నవి రెండు గడియారాలు

మొదటిది మదర్‌బోర్డు మీది గడియారం. దీనిని హార్డ్‌వేర్ క్లాక్ అంటారు. కంప్యూటరు ఆపివేసినా, కరెంటు పోయినా నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ దీనిని నడుపుతుంది. సాధారణంగా వాడే బ్యాటరీ 3 వోల్టుల సీఆర్ 2032. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం దీని గుండెకాయ.

రెండవది వ్యవస్థ గడియారం. కంప్యూటరు మొదలైనప్పుడు లినక్స్ కెర్నల్ మొదటి గడియారాన్ని ఒకసారి చదివి, అక్కడినుండి తన లెక్క తాను నడుపుకుంటుంది. 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి నుండి గడిచిన సెకన్ల సంఖ్యే ఆ లెక్క. మనకు తెరమీద కనిపించే తేదీ, గంట, నిమిషం అంతా ఆ సంఖ్యనుండి తయారైనవే. ఈ సంఖ్యను 32 బిట్లలో దాచుకునే పాత వ్యవస్థలలో 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తరువాత లెక్క తప్పుతుంది. 64 బిట్ల వ్యవస్థలకు ఆ భయం లేదు.

స్ఫటికం ఎంత మంచిదైనా కచ్చితంగా ఒకే వేగంతో కంపించదు. ఎండ, చలి, వయస్సు దానిపై ప్రభావం చూపుతాయి. పది లక్షల భాగాలలో 20 భాగాల తేడా సామాన్యమే. ఆ తేడా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52 సెకన్లు అవుతుంది. బ్యాటరీ పాతదైతే సంగతి మరీ వేరు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏనాటి తేదీకో వెళ్ళిపోతుంది.

వేళ తప్పితే కలిగే చిక్కులు

అన్నిటికంటే ముందు కనిపించేది బ్రౌజరు మొరాయించడం. భద్రమైన వెబ్‌సైట్లకు ధ్రువపత్రాలుంటాయి. ఒక్కొక్క దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మీ కంప్యూటరు తేదీ ఆ రెండింటి నడుమ లేకపోతే బ్యాంకు వెబ్‌సైటైనా, ప్రభుత్వ దరఖాస్తు పుటయైనా తెరుచుకోదు. లోపం వెబ్‌సైటుదని వాడుకరి అనుకుంటాడు. నిజానికి లోపం తన గడియారంలో ఉంటుంది.

సాధారణంగా 30 సెకన్లకొకసారి మారే గుప్తసంకేతాలను తయారుచేసే ఉపకరణాలు రెండో చిక్కు. అవి గడియారం ఆధారంగానే అంకెలను లెక్కిస్తాయి. గడియారం ఒకటి రెండు నిమిషాలు తప్పితే ఆ అంకెలు చెల్లవు.

మూడవది రికార్డుల సంగతి. ఒక కార్యాలయంలోని రెండు కంప్యూటర్ల వేళలు కలవకపోతే, ముందు సవరించిన పత్రమేదో, తరువాత సవరించినదేదో తేల్చలేం. నకళ్ళు తీసే ప్రోగ్రాములు కూడా ఫైళ్ళపై ఉన్న సమయాన్ని చూసే కొత్తదేదో నిర్ణయిస్తాయి. అవి పాత ఫైలును కొత్తదనుకొని కొత్తదానిపై రాస్తే పోయినది తిరిగి రాదు.

రైల్వే తత్కాల్ టికెట్లకు, దరఖాస్తుల చివరి గడువుకు లెక్కలోకి వచ్చేది అవతలి సర్వరు గడియారమే. మన గడియారం నాలుగు నిమిషాలు వెనుకబడి ఉంటే ఇంకా వ్యవధి ఉన్నదన్న భ్రమలో గడువు దాటిపోతుంది.

సమయాన్ని అడిగి తెలుసుకునే పద్ధతి

ఇంటర్నెట్‌లో సమయాన్ని పంచే నియమావళికి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, సంక్షిప్తంగా ఎన్‌టీపీ అని పేరు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దీనిని రూపొందించారు. తొలి ప్రమాణ పత్రం 1985లో వెలువడింది. నాలుగవ రూపాంతరపు ప్రమాణం 2010 నాటిది. మిల్స్ 2024 జనవరిలో మరణించారు.

సర్వరు పంపిన వేళ మనకు చేరేలోపే కొంత సమయం గడిచిపోతుంది. ఆ ఆలస్యం ఎంతో తెలియకుండా గడియారం దిద్దడం ఎలా? ఎన్‌టీపీ ఇందుకు నాలుగు గుర్తులు వాడుతుంది. మన కంప్యూటరు ప్రశ్న పంపిన వేళ, సర్వరుకు అది చేరిన వేళ, సర్వరు జవాబు పంపిన వేళ, జవాబు మనకు చేరిన వేళ. మొదటిది, చివరిది మన గడియారం ప్రకారం. నడుమ రెండూ సర్వరు గడియారం ప్రకారం.

ఉదాహరణకు మన గడియారం 10 గంటలు చూపుతుండగా ప్రశ్న వెళ్ళిందనుకుందాం. సర్వరుకు చేరినప్పుడు అక్కడ 10 గంటల 5.040 సెకన్లు. జవాబు వెళ్ళినప్పుడు అక్కడ 10 గంటల 5.041 సెకన్లు. అది మనకు చేరినప్పుడు ఇక్కడ 10 గంటల 0.081 సెకను. రాకపోకలకు పట్టిన కాలం 0.081లో సర్వరు వద్ద గడిచిన 0.001 పోగా 0.080 సెకను. వెళ్ళేటప్పటి తేడా 5.040, వచ్చేటప్పటి తేడా 4.960. వాటి సగటు 5.000. అంటే మన గడియారం సరిగా 5 సెకన్లు వెనుక ఉన్నది. రానుపోను దారులు సమానంగా ఉన్నంతవరకు ఈ లెక్క తప్పదు.

సర్వర్లకు వరుస అంతస్తులు ఉన్నాయి. అణుగడియారాలు, ఉపగ్రహ గ్రాహకాలు సున్నా అంతస్తు. వాటికి నేరుగా కలిపిన సర్వర్లు ఒకటవ అంతస్తు. వాటిని అడిగేవి రెండవది. ఇలా 15 వరకు ఉంటాయి. 16 అంటే సమయం కుదరలేదని అర్థం.

రోజుకొకసారి దిద్దే పాత పద్ధతి, దాని లోపాలు

2000 తరువాతి తొలి సంవత్సరాలలో అందరూ చెప్పిన ఉపాయం ఒకటుండేది. ఎన్‌టీపీడేట్ అనే ఆజ్ఞను, నిర్ణీత వేళకు పనులు చేసే క్రాన్ పట్టికలో చేర్చి, రోజూ అర్ధరాత్రి నడపడం. ఫోను తీగపై కొద్దిసేపే ఇంటర్నెట్ దొరికిన రోజులలో అది అవసరంగానే ఉండేది. కాని అందులో మూడు లోపాలున్నాయి.

ఒకటి, అది గడియారాన్ని దూకిస్తుంది. గడియారం ముందున్నదనుకోండి, దిద్దగానే వెనక్కు వస్తుంది. జరిగిపోయిన క్షణాలు మళ్ళీ జరుగుతాయి. ఆ నడుమ రాసిన రెండు పద్దులలో తరువాతి దానికి ముందు సమయం పడవచ్చు. లెక్కల పుస్తకంలో ఇది చిన్న సంగతి కాదు.

రెండు, ఆ వేళకు కంప్యూటరు ఆపివేసి ఉంటే పని జరగదు. అర్ధరాత్రి ఎన్ని దుకాణాలలో, బడులలో కంప్యూటర్లు నడుస్తుంటాయి?

మూడు, అందరూ అర్ధరాత్రి సరిగా 12 గంటలకే అడిగితే సర్వర్లపై ఒక్కసారిగా భారం పడుతుంది. విచ్చలవిడిగా అడిగితే ఏమవుతుందో 2003లో తెలిసివచ్చింది. నెట్‌గేర్ సంస్థ రౌటర్లు కొన్నిటిలో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయపు సమయ సర్వరు చిరునామా శాశ్వతంగా చేర్చి ఉంది. జవాబు రాకపోతే అవి సెకనుకొకసారి మళ్ళీ అడిగేవి. ఆ విశ్వవిద్యాలయానికి సెకనుకు లక్షల సంఖ్యలో ప్రశ్నలు వచ్చిపడ్డాయి.

కనుక నేటి సరైన పద్ధతి వేళ నిర్ణయించి దిద్దడం కాదు. నేపథ్యంలో నిరంతరం నడిచే ఒక సేవకు ఆ పని అప్పగించడం. అది తేడాను కొలిచి, గడియారపు వేగాన్ని కొద్దిగా పెంచి లేక తగ్గించి, దూకకుండా సరైన వేళకు చేరుస్తుంది. కెర్నల్ సాధారణ పరిమితి పది లక్షలలో 500 భాగాలు. ఆ వేగంతో 5 సెకన్ల తేడా తీరడానికి 10,000 సెకన్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. నిదానమే అయినా ఏ క్షణమూ రెండుసార్లు రాదు.

మొదటి మార్గం: టైమ్‌సింక్‌డీ

డెబియన్, లినక్స్ మింట్, ఉబుంటు రూపాంతరాలు చాలావాటిలో సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అనే చిన్న సేవ ముందుగానే ఉంటుంది. ఉబుంటు 2025 అక్టోబరు రూపాంతరం నుండి దాని స్థానంలో క్రోనీని తీసుకున్నది. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ కుటుంబానిదే.

ముందుగా ప్రస్తుత స్థితి చూడాలి. టైమ్‌డేట్‌సీటీఎల్ (టైమ్, డేట్ అనే మాటలకు సీ, టీ, ఎల్ అనే అక్షరాలు కలిపి, నడుమ ఖాళీ లేకుండా) అని టైపు చేస్తే స్థానిక వేళ, యూటీసీ, హార్డ్‌వేర్ గడియారపు వేళ, ప్రాంతం వరుసగా కనిపిస్తాయి. వాటి కింద గడియారం సమన్వయమైందా, ఎన్‌టీపీ సేవ నడుస్తున్నదా అనే రెండు వరుసలు ఉంటాయి. మొదటిదానికి "యెస్", రెండవదానికి "యాక్టివ్" అని ఉంటే ఇక చేయవలసినది లేదు.

ప్రాంతం తప్పుగా ఉంటే అదే ఆజ్ఞకు సెట్-టైమ్‌జోన్ అనే మాట, ఒక ఖాళీ, ఆపై ఏషియా, ఏటవాలు గీత, కోల్‌కతా చేర్చాలి. ఏషియా, కోల్‌కతా అనే రెండు మాటలకు మాత్రం మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. సేవ ఆగి ఉంటే టైమ్‌డేట్‌సీటీఎల్ తరువాత సెట్-ఎన్‌టీపీ ట్రూ అని రాయాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఇకపై కంప్యూటరు మొదలైన ప్రతిసారీ ఆ సేవ కూడా మొదలవుతుంది.

ఈ సేవ మొదట 32 సెకన్లకొకసారి అడిగి, గడియారం కుదురుకున్నకొద్దీ ఆ విరామాన్ని 2,048 సెకన్ల వరకు, అంటే 34 నిమిషాల వరకు పెంచుకుంటుంది. తేడా 0.4 సెకను లోపు ఉంటే నిదానంగా, అంతకు మించితే ఒక్కసారిగా దిద్దుతుంది. చివరిసారి తెలిసిన వేళను ఒక ఫైలులో గుర్తు పెట్టుకుని, మళ్ళీ మొదలైనప్పుడు గడియారం దానికంటే వెనుక ఉంటే ముందుగా అక్కడికి చేరుస్తుంది. బ్యాటరీ చచ్చిన కంప్యూటర్లకు ఇది ఎంతో మేలు.

రెండవ మార్గం: క్రోనీ

ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండే చోట్ల, ఒకే గదిలో అనేక కంప్యూటర్లున్న చోట్ల క్రోనీ అనే సేవ మేలైనది. దీనిని మొదట రిచర్డ్ కర్నో రాశారు. ఫెడోరా, రెడ్ హ్యాట్ వ్యవస్థలలో ఇదే ప్రధానమైనది. డెబియన్ కుటుంబంలో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్రోనీ అనే ఆజ్ఞతో దీనిని చేర్చుకోవచ్చు. చేర్చగానే టైమ్‌సింక్‌డీ తొలగిపోతుంది. ఒక గడియారాన్ని దిద్దే సేవ ఒక్కటే ఉండాలి, రెండుంటే ఒకదానితో ఒకటి పెనుగులాడుతాయి.

క్రోనీ గొప్పదనం అది నేర్చుకోవడంలో ఉన్నది. మీ కంప్యూటరు గడియారం రోజుకు ఎంత వెనుకబడుతుందో కొలిచి ఒక ఫైలులో రాసుకుంటుంది. తరువాత రెండు రోజులు ఇంటర్నెట్ లేకపోయినా, ఆ లెక్క ప్రకారం లోటు పూడుస్తూనే ఉంటుంది. సంబంధం తిరిగి వచ్చినప్పుడు మిగిలిన తేడా బహు స్వల్పం.

దీని అమరికల ఫైలు క్రోనీ డాట్ కాన్ఫ్. అందులో సర్వరు వరుస చివర ఐబర్స్ట్ అనే మాట ఉంటే మొదట్లో వెంటవెంటనే కొన్ని ప్రశ్నలు పంపి త్వరగా వేళ తెలుసుకుంటుంది. మేక్‌స్టెప్ 1 3 అనే వరుస అర్థం ఇది: తేడా ఒక సెకను మించితే, మొదటి మూడు దిద్దుబాట్లలో మాత్రమే దూకవచ్చు. ఆ తరువాత ఎప్పటికీ నిదానంగానే. ఆర్‌టీసీసింక్ అనే వరుస ఉంటే కెర్నల్ ప్రతి 11 నిమిషాలకు సరైన వేళను హార్డ్‌వేర్ గడియారానికి కూడా అందిస్తుంది.

బడిలోనో, గ్రంథాలయంలోనో ఇరవై కంప్యూటర్లుంటే ఇరవై కూడా బయటి సర్వరును అడగనక్కరలేదు. ఒకదానిలో క్రోనీ నడిపి, అలౌ అనే మాట పక్కన స్థానిక నెట్‌వర్క్ చిరునామాను, ఉదాహరణకు 192.168.1.0/24 అని రాస్తే, తక్కినవి దానిని అడుగుతాయి. మరొక వరుసలో లోకల్ స్ట్రాటమ్ 10 అని రాస్తే బయటి సంబంధం తెగినా అది జవాబిస్తూనే ఉంటుంది. అప్పుడు వేళ కొద్దిగా తప్పినా అందరిదీ ఒకే వేళ అవుతుంది.

నిర్ణీత వేళకే దిద్దవలసి వస్తే

నిరంతర సేవ నడపడానికి వీలులేని చోట, అంటే రోజుకు కొద్దిసేపే ఇంటర్నెట్ ఇచ్చే చోట, క్రాన్‌ను వాడక తప్పదు. అప్పుడు క్రోనీ సేవను ఆపివేసి, వ్యవస్థాపకుని క్రాన్ పట్టికలో 17 3 * * * అనే ఐదు గళ్ళ తరువాత క్రోనీడీ ఆజ్ఞను పూర్తి దారితో రాసి, దానికి అడ్డగీత, క్యూ అక్షరం చేర్చాలి. అది ఒక్కసారి వేళ దిద్ది విరమిస్తుంది. ఐదు గళ్ళు వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఈ ఉదాహరణలో వేళ తెల్లవారుజామున 3 గంటల 17 నిమిషాలు. గంట కొట్టే వేళను కాక ఇలాంటి బేసి నిమిషాన్నే ఎంచుకోవాలి. గంటను మీకు ఇంటర్నెట్ దొరికే వేళకు మార్చుకోవాలి.

ఆ వేళకు కంప్యూటరు నడుస్తుందన్న నమ్మకం లేకపోతే క్రాన్‌కు బదులు సిస్టమ్‌డీ టైమర్ మంచిది. అందులో పర్సిస్టెంట్ అనే అమరికకు ట్రూ అని ఇస్తే, తప్పిపోయిన పనిని కంప్యూటరు మొదలవగానే చేస్తుంది. రాండమైజ్డ్‌డిలేసెక్ అనే అమరిక ప్రతిసారీ కొంత అనిశ్చిత ఆలస్యాన్ని చేర్చి, అందరూ ఒకే క్షణంలో అడగకుండా చేస్తుంది.

ఎవరిని అడగాలి?

భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దాని సమయ సర్వరు టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఆర్గ్. జాతీయ సమాచార కేంద్రపు సర్వర్లు సమయ్1, సమయ్2 అనే పేర్లకు డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ చేర్చగా వస్తాయి. స్వచ్ఛంద సర్వర్ల సముదాయం కావాలంటే ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ ఉన్నది. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు, డేటా కేంద్రాలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ గడియారాలను ఈ రెండు జాతీయ సంస్థల సర్వర్లతోగాని, వాటికి అనుసంధానమైన సర్వర్లతోగాని సరిచూసుకోవాలి. ఇంటి కంప్యూటరుకు ఆ నిర్బంధం లేదు. ఒకే సర్వరు తప్పు చెబితే పట్టుకోలేం కనుక, క్రోనీలో కనీసం మూడు నాలుగు సర్వర్లను రాసుకోవడం వివేకం.

తరచుగా ఎదురయ్యే రెండు ఇబ్బందులు

తేడా సరిగా ఐదున్నర గంటలైతే కారణం స్ఫటికం కాదు. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో స్థానిక వేళను, లినక్స్ యూటీసీని ఉంచుతాయి. ఒకటి రాసినది మరొకటి తప్పుగా చదువుతుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1 చేసి రెండూ యూటీసీనే వాడేలా చేయడం మంచి పరిష్కారం.

కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ సంవత్సరాల వెనక్కు వెళితే బ్యాటరీ మార్చాలి. ఏ సేవ కూడా దానికి ప్రత్యామ్నాయం కాదు. తేదీ మరీ పాతదైతే, చిరునామాలను భద్రంగా సరిచూసే కొన్ని వ్యవస్థలలో సమయ సర్వరు పేరు కూడా తెలియదు. వేళ తెలిస్తేగాని సర్వరు దొరకదు, సర్వరు దొరికితేగాని వేళ తెలియదు. ఆ స్థితిలో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ఫాల్స్ అని సేవను ఆపి, సెట్-టైమ్ అనే మాటతో ఉజ్జాయింపు తేదీ ఇచ్చి, తిరిగి సేవను మొదలుపెట్టాలి.

పని జరుగుతున్నదో లేదో చూడడం

అమర్చి మరచిపోవడం మంచిదే, కాని నెలకొకసారి చూడాలి. టైమ్‌సింక్‌డీ వాడేవారు టైమ్‌డేట్‌సీటీఎల్ టైమ్‌సింక్-స్టేటస్ అని అడిగితే ఏ సర్వరు, ఎంత తేడా, ఎంత విరామమో కనిపిస్తుంది. క్రోనీ వాడేవారు క్రోనీసీ సోర్సెస్ అని అడగాలి. ఏ సర్వరు ముందు నక్షత్రం గుర్తు ఉంటే దానినే ప్రస్తుతం అనుసరిస్తున్నదని అర్థం. నక్షత్రం ఎక్కడా లేకపోతే ఏదో అడ్డు ఉన్నది. ఎన్‌టీపీ ప్రశ్నలు యూడీపీ 123వ పోర్టు ద్వారా వెళతాయి. రౌటరులోగాని, ఫైర్‌వాల్‌లోగాని దానిని మూసివేసి ఉంటే జవాబు రాదు. క్రోనీసీ ట్రాకింగ్ అనే ఆజ్ఞ చివరి వరుసలో "నార్మల్" అని కనిపిస్తే గడియారం కుదురుగా ఉన్నట్లే. అప్పుడు మీ పత్రాలపై పడే తేదీని, వేళను ఎవరు అడిగినా నిస్సంకోచంగా చూపవచ్చు.